కంపు లేని తీరం

ఆ రాత్రి జీపు దిగగానే ఆమె ఠక్కున ఆగింది. కంపు లేదు.

మూడు నెలలుగా సముద్రపు నాచు కుప్పలుగా కొట్టుకొచ్చి ఈ ఒడ్డునే కుళ్ళుతోంది. దాని మీదే ఆమె పరిశోధన. "చెప్పులు కాదు, నిన్నే గుమ్మం బయట విడవాలే అమ్మాయ్" అంటుంది అత్తగారు.

కుళ్ళిన నాచులోంచి పుట్టే విషవాయువు మరీ ఎక్కువైతే ముందు ముక్కు పనిచేయడం మానేస్తుంది. కంపు ఆగిందంటే పరుగెత్తమని కొత్తవాళ్ళకి మొదటిరోజే చెబుతుందామె.

"అన్నా, నీకు వాసన వస్తోందా?"

"లేదమ్మా. హాయిగా ఉంది," అన్నాడు డ్రైవరు.

వాయువు కొలిచే మీటరు సున్నా చూపిస్తోంది. నమ్మబుద్ధి కాలేదు. సంచిలోంచి నారింజ తీసి తొక్క గిల్లింది. పుల్లటి వాసన గుప్పుమంది. ముక్కు బాగానే ఉంది. గాలే బాగుపడింది.

అప్పుడు వినిపించింది, అల విరిగిన చప్పుడు. నాచు కింద ఇన్నాళ్ళూ అలలు నోరెత్తలేదు. టార్చి వేస్తే, నడుంలోతు నాచు ఉండాల్సిన చోట తడి ఇసుక మెరిసింది. దాని మీద ఈడ్చిన చారలు, అన్నీ నీళ్ళవైపే.

"సాయంత్రం కూడా నాచు ఉందిగా," డ్రైవరు గొంతు తగ్గించాడు. "ఆటుకి పోయిందంటారా?"

"ఇప్పుడు పోటు. తెచ్చి పడేసేదే గానీ తీసుకెళ్ళేది కాదు."

నారింజ సగం తుంచి అతని చేతిలో పెట్టింది.

వెనక చీకటి ఇళ్ళలో గడియ తీసిన చప్పుడైంది. మూడు నెలలుగా బిగించి ఉన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. పక్కింట్లో ఇంకొకటి. తర్వాత వీధి పొడుగునా వరసగా.

కంపు పోయిందని వాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పనేలేదు.