పిల్లరు మీద గీతలు

"పైపూత పగిలిందమ్మా, అంతే. పిల్లరుకేం కాదు," అన్నాడు ఓనరు తెచ్చిన ఇంజనీరు, చెయ్యయినా వేసి చూడకుండా.

"విన్నావుగా? ఇక నోరు మూసుకో," అని ఓనరు, కింద వాటాలో ఉండే నా మీద ఎగిరాడు.

"వారం వారం పగులు కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేశానండి. నెలలో జానెడు దిగింది."

"ఏం చదివావు నువ్వు?" అన్నాడు ఓనరు.

"ఏడు."

ఇద్దరూ పకపకా నవ్వారు. చంకలో పాప ఉలిక్కిపడింది.

"అయితే ఏం కాదని రాసి, మీ లైసెన్సు నంబరు వేసి సంతకం పెట్టండి. పిల్లతో ఇక్కడే ఉంటాం."

ఇంజనీరు పెన్ను తీశాడు. రాయబోయి ఆగాడు. వంగి, నా గీతలన్నీ తేదీలతో సహా చదివాడు.

"రాయవయ్యా!" కసిరాడు ఓనరు.

ఇంజనీరు అతని వైపు చూడనే లేదు.

"పై వాటాల్లో ఎంతమంది ఉన్నారమ్మా? ముందు వాళ్ళని దించు," అన్నాడు నాతో.