వెనక్కి రాని అక్షరాలు

గోడాదరా బస్తీలో వినోద్ సామాను వీధిలో పడింది.

మంచం, స్టవ్వు, రెండు ట్రంకు పెట్టెలు. సాంచాల కార్ఖానాలో బట్ట నేసే వినోద్‌కు కరోనా ఉందని ఇంటి ఓనరుకు పొద్దున్నే తెలిసింది. వినోద్‌కు మధ్యాహ్నం తెలిసింది.

ట్రస్టు డిస్పెన్సరీ కంప్యూటర్లోంచే ఆ పేరు బయటికి పొక్కింది. ఎవరో ఇంకొకరి పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి పాజిటివ్ జాబితా చూశారు. ఆ కంప్యూటర్ బాధ్యత లతది.

మూడో రోజు ఒక పెద్దాయన వచ్చాడు.

"నా పేరు రామారావు. హజీరా ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. పాత విజువల్ బేసిక్ వచ్చు. సాయం చేస్తానమ్మా."

డిస్పెన్సరీ ప్రోగ్రాం ఉన్నది ఆ పాత కంప్యూటర్ భాషలోనే; అది తెలిసినవాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారు? లత పాస్‌వర్డ్‌ల ఫైలు తెరిచి చూపించింది.

"అంతా గడబిడ అక్షరాలే కద అంకుల్. ఎవలు చదువుతరు?"

"ఇది ఉత్త ఎన్‌కోడింగ్. అక్షరాలకు వేషం వేసినట్టు. చూడు."

ఆయన ఒక వరుస విప్పాడు. డాక్టరు పాస్‌వర్డ్ తెర మీద తేటతెల్లంగా కనబడింది.

లత కుర్చీ ముందుకు జరుపుకుంది. "మరేం చెయ్యాలె?"

"హ్యాష్ చేయాలి. చేశాక మిషను కూడా వెనక్కి చదవలేదు. మనం కొత్తగా కొట్టినదాన్నీ అలాగే మార్చి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. అంతే."

నాలుగు రోజులు కిటికీ పక్కన కూర్చుని రాశాడు. లత తన ఇంటి సంగతులన్నీ ఆయనకు చెప్పుకుంది. నాన్న పని పోయిందని, తన జీతంతోనే ఇల్లు నడుస్తోందని.

ఐదో రోజు ట్రస్టు సెక్రటరీ పిలిచాడు.

"లతాబెన్, మన పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదవొచ్చట. రామారావు గారే వచ్చి చెప్పారు. వెళ్లి వినోద్‌కు క్షమాపణ చెప్పుకో. ఇంకోసారి ఇలా జరిగితే ఈ ఉద్యోగం ఉండదు."

లత వెళ్లింది. వినోద్ ఆమె ముఖం కూడా చూడలేదు.

తిరిగొచ్చేసరికి రామారావు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు.

"నాకు ఒక్క మాట చెప్పకపోతిరి! మీ ముంగట నా బాధలన్ని చెప్పుకున్న. మీరు పోయి నా మీదనే చెప్పొచ్చిండ్రు."

"అది కాదమ్మా, నేను చెప్పింది..."

"జర ఊకోండ్రి అంకుల్. ధోకా చేసిండ్రు. రేపటి సంది రాకుండ్రి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పని పూర్తయింది. అందరివీ హ్యాష్ చేశాను," అని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక్క పేరు కూడా బయటికి పోలేదు. లత కోపం మాత్రం చల్లారలేదు. రెండుసార్లు ఆయన ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

మరుసటి ఏడు జూన్‌లో టీకాకు ఒకావిడ వచ్చింది.

"పేరు?"

"సూర్యకుమారి."

"ఇంట్ల ఇంకెవలున్నరు?"

"ఎవరూ లేరు. మా ఆయన రామారావు గారు ఏప్రిల్లో కరోనాతో పోయారు."

కీబోర్డు మీద లత వేళ్లు ఆగిపోయాయి.

"హజీరా అంకులా?"

"నువ్వు లతవి కదూ? నీ గురించి చాలా బాధపడ్డారమ్మా. తప్పు నాది, ఆ పిల్లనేమీ అనకండని సెక్రటరీకి చెప్పే వచ్చారు. ఆ సెక్రటరీ నీకు చెప్పలేదా?"

"లేదు... అయినా, అంకుల్ తప్పేంది?"

సూర్యకుమారి ఆమెను ఆశ్చర్యంగా చూసింది.

"ఇరవై ఏళ్ల కిందట మీ డిస్పెన్సరీకి ఆ ప్రోగ్రాం రాసిచ్చింది ఆయనే కదమ్మా."