మూడో అరలో సీసా

టైలరు ముక్కు మూసుకున్నాడు. ఆసుపత్రి వెనక గదిలో ఘాటైన మందు వాసన గొంతులోకి దిగిపోతోంది.

గుండెకు రాసిచ్చిన మాత్రలు మూడు నెలలుగా ఆయన మింగడం లేదు. గుండీల డబ్బాలో పోగేస్తున్నాడు. మహా తెలివి! ఈ పొద్దున భార్య ఆ డబ్బా తెచ్చి డాక్టరుగారి బల్ల మీద బోర్లించింది. గుండీలూ మాత్రలూ కలిసి దొర్లాయి.

"ఇలాగే చేస్తే మనిషి దక్కడమ్మా" అని, మొండి రోగులందరినీ పంపినట్టే డాక్టరుగారు ఆయన్నీ ఈ గదికి పంపారు.

మాస్కు పెట్టుకున్న అటెండరు మూడో అరలోంచి ఒక సీసా దించాడు. లోపల గుండె. దాని మీది రక్తనాళాన్ని నిలువునా చీరి తెరిచిపెట్టారు.

"దగ్గరికొచ్చి చూడు తమ్ముడూ. లోపలి పొర ఏళ్ల తరబడి వాచింది. ఆ వాపులో కొవ్వు చేరింది. ఓ రోజు చిట్లింది. రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది."

పసుప్పచ్చటి జిడ్డు. మధ్యలో సున్నపు పెచ్చులు. అంట్లతొట్టి గొట్టం విప్పితే కారే మడ్డి గుర్తొచ్చి టైలరు ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఛీ ఛీ! నాకిలా ఉండదులెండి. ఎక్కడా నొప్పే లేదు."

"ఈ దరిద్రుడూ అదే అనేవాడు. పెళ్లాం మాత్రలు చేతిలో పెడితే పాత బూటులో దాచేవాడు. పైగా రోజుకో పెట్టె సిగరెట్లు. దున్నపోతు! వీణ్ణి చూస్తే రోజూ అసహ్యమే నాకు."

అంతలో అటెండరు చేతి గడియారం కుయ్‌మంది. అటు తిరిగి, మాస్కు జరిపి, నాలుగు మాత్రలు గుటుక్కున మింగాడు. మళ్లీ తిట్లు అందుకున్నాడు.

టైలరుకు ఒళ్లు మండింది. ఆ తిట్లన్నీ తనకే తగులుతున్నాయి.

"పోయినవాణ్ణి అంతలా ఆడిపోసుకోకండి. అయినా ఆ బూటు సంగతి మీకెవరు చెప్పారు?"

అటెండరు చొక్కా గుండీలు విప్పాడు. గొంతు కింద నుంచి పొట్ట దాకా నిలువుగా పాత కుట్లు. పనితనం తెలిసిన టైలరు వాటి మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"పోలేదు తమ్ముడూ, ఎవరో మహానుభావుడి గుండె నాకు పెట్టి, నాది తీసి ఈ సీసాలో వేశారు."