షార్డొనే పక్కన చేప

"ఆ నిమ్మరసం కాస్త తగ్గిస్తే నీ సొమ్మేం పోతుంది?" అని కొడుకు అడగడం ఆ ఉదయం నాలుగోసారి. "ఆ సీసా మారిస్తే మీ సొమ్మేం పోతుంది?" అని కోడలు తిప్పికొట్టడం అయిదోసారి.

ఇద్దరూ ఒకే రెస్టారెంటులో పని చేస్తారు. ఆవిడది వంట, అతనిది వైన్లు వడ్డించడం. కొత్త మెనూ మొదటి పేజీలో షార్డొనే అనే తెల్ల వైన్ పక్కన ఒక్క వంటకమే వేస్తానని, అదేమిటో మొగుడూ పెళ్ళాలు కలిసి తేల్చి మూడింటికల్లా ప్రెస్సుకి ఫోన్ చేయమని యజమానురాలు చెప్పింది. తను నిమ్మరసం పిండి చేసే చేప వేపుడే వేయాలని కోడలి పట్టు. మీగడలో ఉడికించిన కోడి వేయాలని అతని పట్టు. ఆ కోడి వండేది పక్క పొయ్యి దగ్గరుండే పొట్టి వంటవాడు. పదకొండేళ్ళుగా ఆ సెగలో ఉడుకుతున్నా ఆవిడ వంట ఒక్కసారీ మొదటి పేజీకి ఎక్కలేదు.

ఈ వైన్ చెక్క పీపాలో ఏడాది నిద్రపోయి వచ్చిందని, వెన్న వాసనా పండిన ఆపిల్ వాసనా దాని ప్రాణమని, పులుపు తగిలితే దాని నోరు నొక్కేసినట్టేనని అతను వివరించాడు.

"దానికి నోరెక్కడిది? ఉన్నదంతా మీకే" అంది కోడలు.

వంటగదిలో ఓ మూల కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారికి విసుగొచ్చింది. మీ ఇద్దరూ మళ్ళీ తెల్లారేదాకా కొట్టుకున్నా తేలదు, పేపరు చదవడం తప్ప పనిలేని మనిషి ఒకాయన ముందుగదిలో ఉన్నారు, ఆయన్ని అడగండి అని తీర్మానించింది.

మామగారు పేపరు మడిచిపెట్టి వచ్చారు. ఆ ఇంట్లో కర్టెన్ల రంగు దగ్గర్నుంచి ఆయన చొక్కా రంగు దాకా ఏదీ ఆయన్ని అడిగి కొన్నది కాదు. జడ్జీగారిలా నిటారుగా కూర్చున్నారు. ఎదురుగా ఒక పళ్ళెంలో కోడలు వేపిన చేప, ఒక పళ్ళెంలో కొడుకు రెస్టారెంటు నుంచి తెచ్చిన కోడి, రెండు గ్లాసుల్లో షార్డొనే పెట్టారు.

కొడుకు చూపించినట్టే గ్లాసు కాడ పట్టుకుని తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కోడి ముక్క తిని, గుక్క తాగి, కోడలి మొహంలోకి చూశారు. ఆవిడ రెప్ప వేయడం లేదు. చేప ముక్క తిని, గుక్క తాగి, కొడుకు మొహంలోకి చూశారు. అతను మీసం నములుతున్నాడు.

"కోడికి ఏం, బాగానే ఉంది. కానీ పక్కన ఎవరున్నారో దానికి పట్టదు" అన్నారు నిదానంగా. "చేప అలా కాదమ్మాయ్. ముందు గ్లాసుని మాట్లాడనిస్తుంది. అది ముగించాక తను మొదలెడుతుంది."

వైన్ల కోర్సులో తనకి పాఠం చెప్పినాయన కూడా ఇంత మాట అనలేదని కొడుకు తల వంచేశాడు. నలభై ఏళ్ళుగా వండిపెడుతున్నా తన కూర గురించి ఇలాంటి ముక్క ఒక్కటీ రాలలేదని అత్తగారు చిక్కుడుకాయల గిన్నె దబ్బున పెట్టింది. కోడలు మామగారి పళ్ళెంలో మరో రెండు చేప ముక్కలు వేసి ప్రెస్సుకి ఫోన్ చేసింది. చేప పేరు కింద మామగారి మాటలు కూడా పొల్లుపోకుండా అచ్చు వేయమంది. సాయంత్రానికి రెండువేల మెనూలు తయారయ్యాయని కబురొచ్చింది.

టీ తాగడానికి అందరూ చేరారు. మామగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"అందరూ ఉన్నారు కనక చెబుతున్నాను" అన్నారు మెల్లిగా. "రేపు ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్దామని నిర్ణయించుకున్నాను. పోయిన నెల జలుబు చేసినప్పట్నుంచీ నాకు వాసనా తెలియడం లేదు, రుచీ తెలియడం లేదు."