మిగిలిన నిచ్చెనలు

కొడుకు సగంలో వదిలేసిన గూడ్సు రైలు పెట్టె బొమ్మను నౌషాద్ ఇవాళ పూర్తిచేశాడు. చక్రాలు బిగించి, అరచేతిలో పెట్టుకుని భార్యకు చూపించాడు.

"కొత్తదానికి తుప్పేంటండీ?" అంది జాహెదా.

"తుప్పు రంగు కంపెనీవాళ్ళే వేసి పంపుతారు. ముక్కలు మనం అంటించుకోవాలి."

ఆమె దాన్ని కిట్టు డబ్బా మీది ఫోటోతో పోల్చి చూసింది. కవర్లో రెండు సన్నటి ప్లాస్టిక్ నిచ్చెనలు మిగిలి ఉన్నాయి.

"ఇవి మర్చిపోయారు."

"మర్చిపోలేదు."

"మరి అంటించండి. వాడు మొదలుపెట్టిన పని, అరకొరగా ఉంచకండి."

నౌషాద్ తలెత్తలేదు. "అవి పైకి ఎక్కడానికి, జాహెదా."



కంపెనీ వేసిన తుప్పు నిజం తుప్పులా లేదని, అసలు గూడ్సు పెట్టె పైకప్పు ఫోటో తీసుకొస్తానని వాడు ఆ పొద్దున తిరువూరులో విజయవాడ బస్సెక్కాడు. విజయవాడలో పట్టాల మీద ఆగి ఉన్న గూడ్సుకు నిచ్చెన ఉంది. పైన కరెంటు తీగ ఉంది.

జాహెదా రెండు నిచ్చెనల్నీ కవర్లోంచి తీసి, వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది.

ఇట్టే విరిగిపోయాయి.