మళ్లీ విచారణ

“గెలిచినం జోగన్నా!” వకీలు సరళ జీపు దిగుతూనే మైసూర్‌పాక్ పొట్లం విప్పబోయింది.

జోగయ్య ఆ మాట ఉంగాకి కోయ భాషలో చెప్పాడు. అవతలి రాష్ట్రంలో పోలీసులు శిబిరంలో పడేసి చావగొడితే, అడవి దాటి దుమ్ముగూడెం దగ్గర బావ జోగయ్య గుడిసెకు చేరినవాడు ఉంగా. వాపసు పొమ్మని ఇక్కడి అధికారి రాసిన ఆర్డర్‌ను హైకోర్టు ఇప్పుడు రద్దు చేసింది.

“అయితే ఉంగా ఈడనే ఉండొచ్చా మేడం?”

“మళ్ల విచారణ చెయ్యమన్నది. ఆ సారు ఉంగా గోడు సరిగ్గ వినలేదని కోర్టు ఒప్పుకున్నది.”

“పంపితే మళ్ల కొడ్తరని ఒప్పుకోలేదా?”

“అది కోర్టు తేల్చదన్నా. సారే తేల్చాలె.”

“ఏ సారు?”

సరళ గొంతు తగ్గింది. “ఆ సారే.”

జోగయ్య చెప్పింది విని ఉంగా మెల్లగా ఏదో అన్నాడు. దాన్ని జోగయ్య తెలుగులో చెప్పాడు.

“సారు మంచిగనే విన్నడంట మేడం. అంగీ విప్పి వీపు చూపిస్తే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడంట. చాయ్ గూడ తాపిచ్చిండంట. తాపిచ్చినంకనే పొమ్మని రాసిండంట.”

వినలేదన్న ఆ ఒక్క మాట మీదే సరళ కేసంతా నిలబెట్టింది.

“ఇంకేం చూపియ్యాల్నో ఉంగా మిమ్మల్నే అడుగుతుండు.”

సగం విప్పిన పొట్లానికి ఆమె మళ్లీ దారం చుట్టసాగింది.