దొంగనోటు

పోటీ మొదలయ్యేసరికి షావుకారు చేతిలో ఉన్న సరుకు మూడే: రాసినవారి పేరు కొట్టేసిన ఒక వ్యాసం నకలు, ఎర్ర పెన్సిలు, గుట్టు పొక్కకుండా నోరు మూసుకునే విద్య. మూడోది తండ్రి పాత ఇనుము కొట్లో అబ్బింది. లా కాలేజీలో అతనికి ఆ పేరు పడిందీ అందుకే.

"ఏమైనా దొరికిందా?" బల్లకి అవతల నుంచి కళ్లజోడు అడిగింది. అందరూ అలా పిలిచే ఆ అమ్మాయే పోటీలో మిగిలిన రెండో మనిషి.

"దుమ్ము దొరికింది. కావాలా?"

కాలేజీ పత్రికలో ఉన్నది ఒక్క సీటు. పేరున్న లాయర్ల ఆఫీసులు ఆ పత్రికలో పనిచేసినవాళ్లకి తప్ప తలుపు తీయవు. తండ్రి కొట్టు మూతపడేలా ఉంది. ఈ సీటు తప్పితే షావుకారు పాత ఇనుము తూచుకోవాల్సిందే. అదీ ఆ కొట్టు నిలబడితే.

పత్రికకి ఒక ఆనవాయితీ ఉంది. అచ్చుకి వెళ్లే వ్యాసాన్ని జూనియర్ల చేతికిచ్చి ప్రతి ఫుట్‌నోట్‌నీ మూలంతో సరిచూడమంటారు. అందులో ఒకటి సీనియర్లు అల్లిన అబద్ధం. ఎన్నడూ జరగని కేసు, ఎవరూ ఇవ్వని తీర్పు. దాని పేరు దొంగనోటు. పట్టినవాళ్లదే సీటు.

పేరు కొట్టేసినా ఈసారి వ్యాసం ఎవరిదో కాలేజీ గోడలకి కూడా తెలుసు. డీన్‌గారిది. ఆయన త్వరలో జడ్జి కాబోతున్నారనీ, ఎంపిక కమిటీ ఈ వ్యాసం చూడాలనుకుంటోందనీ అందరూ చెప్పుకుంటున్నారు.

షావుకారుకి దొంగనోటు అప్పటికే దొరికింది. ఇరవై ఏడోది. కంప్యూటర్లోకి ఎక్కని పాత తీర్పుల సంపుటం ఒకటి లైబ్రరీ నేలమాళిగలో ఉంది. ఫుట్‌నోట్ చెప్పిన పేజీ రాకముందే ఆ సంపుటం అయిపోయింది! ఉన్న పేజీలన్నీ తిరగేసినా ఆ కేసు లేదు. వ్యాసమంతా నిలబడింది ఆ ఒక్క తీర్పు మీదే. 'దూలానికే చెదలు పెట్టారే! మా సీనియర్ల గుండె గట్టిదే' అనుకుని మెచ్చుకున్నాడు. సంపుటాన్ని ఇంకెవరికీ దొరక్కుండా విరిగిన కుర్చీల వెనక దాచేశాడు.

కళ్లజోడు లేచి పక్క గదిలో ఉన్న పత్రిక నడిపే సీనియర్, ఎడిటరక్క దగ్గరికి వెళ్లింది. అద్దం తలుపు వెనక ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. అక్క తల అడ్డంగా ఊపింది. తిరిగొచ్చిన కళ్లజోడు మొహంలో నెత్తురు చుక్క లేదు.

'ఆచూకీ అడిగినట్టుంది, చెప్పి ఉండదు' అనుకున్నాడు షావుకారు.

"ఒక మాట చెప్పనా?" కళ్లజోడు గొంతు తగ్గించింది. "నీకేదైనా దొరికితే ముందు అక్కని అడుగు. పత్రిక బోర్డు ముందు నోరు విప్పకు."

"అలాగే తల్లీ. పోటీలో ఉన్నదానివి, నా మేలు నువ్వు కాక ఎవరు చూస్తారు?"

"వేళాకోళం కాదు."

"నేనూ కాదు."

ఆమె ఇంకేదో అనబోయి తలుపు వైపు చూసి ఆగిపోయింది. సంతకి ముందే మూట విప్పి చూపించేవాడు వ్యాపారి కాడని షావుకారు తండ్రి వందసార్లు చెప్పాడు.

బోర్డు మధ్యాహ్నం కూర్చుంది. మధ్య కుర్చీలో డీన్‌గారు, పక్కన ఎడిటరక్క. కిటికీలు మూసి ఉన్నాయి.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి సార్," అంది కళ్లజోడు తల దించుకుని.

షావుకారు లోలోపల నవ్వుకున్నాడు. "ఒకటి లేదు సార్. ఇరవై ఏడు. ఆ తీర్పు ఈ భూమ్మీద లేదు."

డీన్‌గారి వేళ్లలో తిరుగుతున్న పెన్ను ఆగింది.

"సార్, ఈ ఏడాది..." అక్క ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తారు.

"అబ్బాయిని చెప్పనీ అమ్మా. ఎలా తెలిసింది బాబూ?"

"సంపుటం చూశాను సార్."

"ఎవరితోనైనా అన్నావా?"

"ఈగతో కూడా అనలేదు సార్. ఆ పుస్తకం కూడా ఇంకెవరికీ దొరకదు. దాచేశాను."

"భలే!" ఆయన నవ్వారు. నవ్వు మీసం దాకా వచ్చి ఆగిపోయింది. "నీలాంటివాడే కావాలి. సీటు నీదే. ఆ పుస్తకం తెచ్చి నా గదిలో ఇవ్వు. నువ్వొక్కడివే రా."

కళ్లజోడు కళ్లు మూసుకుంది. 'ఓడినవాళ్లకి ఆమాత్రం బాధ ఉంటుందిలే' అనుకున్నాడు షావుకారు.

పుస్తకాన్ని చొక్కాతోనే తుడిచి డీన్‌గారికి అప్పగించాడు. ఆయన దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. తర్వాత అతని ఊరు, తండ్రి కొట్టు ఉన్న వీధి, ఇంట్లో ఎవరెవరు ఉంటారో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. ఇంత పెద్దమనిషి ఇంత ఆప్యాయంగా అడుగుతుంటే షావుకారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అన్నీ చెప్పాడు.

బయటికొచ్చి లెక్క చూసుకున్నాడు. పెట్టుబడి ఒక పూట దుమ్ము. రాబడి పత్రికలో సీటు, కాబోయే జడ్జిగారి అభిమానం. జన్మలో ఇంత లాభసాటి బేరం చేయలేదు.

మెట్ల మీద ఎడిటరక్క కాచుకుని ఉంది.

"పుస్తకం ఇచ్చేశావా?"

"చేతికే ఇచ్చానక్కా."

"నకలేమైనా తీశావా?"

"నకలెందుకు? గెలిచాను కదా!"

అక్క అతని చెయ్యి పట్టుకుని గోడ వారకి లాగింది.

"ఏమైనా నోటు భలే దాచారక్కా. వెతికి వెతికి చచ్చాననుకో."

అక్క డీన్‌గారి గది వైపు ఒకసారి చూసి, పెదవులు మాత్రమే కదిలేంత నెమ్మదిగా అంది:

"ఈ ఏడాది మేమేమీ పెట్టలేదు."